ఒకే పేజీలో అనేక ఫారాలు: ఏవి కలపాలి, ఏవి విడిగా ఉంచాలి

ఒక ఆర్డర్ పేజీ తీసుకోండి. కొంటున్నవారి వివరాలు, సరుకు చేరాల్సిన చిరునామా, బిల్లు చిరునామా, కూపన్ కోడ్, చివర్లో చెల్లింపు. చూడ్డానికి ప్రతిదీ ఒక ఫారమే. ఇందులోని చిరునామా భాగం ప్రొఫైల్ పేజీలో కావాలి, అడ్మిన్ పేజీలోనూ కావాలి. ఒక్కసారి రాసి అన్నిచోట్లా వాడుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది, అది మంచి ఆలోచనే. చిక్కల్లా ఆ ఒక్కసారి రాసేది ఏమిటన్న దగ్గర వస్తుంది. మొత్తం ఫారాన్ని కాంపొనెంట్ (ఒకసారి రాసి చాలాచోట్ల పెట్టుకునే ముక్క) చేయాలా, లోపలి ఫీల్డుల గుంపును మాత్రమే చేయాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చాలాచోట్ల వాడబోయే కాంపొనెంట్‌లో ఫారం ట్యాగ్ ఉండకూడదు. ఫీల్డులు కాంపొనెంట్‌వి, ఫారం పేజీది. ఎక్కడ సబ్మిట్ చేయాలో, ఎటు పంపాలో, పంపాక ఏం జరగాలో పేజీకి తెలుసు. చిరునామా కాంపొనెంట్‌కు అది తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. మినహాయింపులు లేకపోలేదు, అవి ఎక్కడెక్కడో కింద చెబుతాను. ఏమీ తోచనప్పుడు మాత్రం ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఏ దారి నచ్చినా దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏవేవి కలిసి సేవ్ కావాలి? చిరునామా తప్పుగా ఉంటే ఆర్డర్ ఆగిపోవాలి, కాబట్టి ఆ రెండూ ఒకే సబ్మిట్‌లో వెళ్లాలి. పాత పాస్‌వర్డ్ తప్పు కొట్టినంత మాత్రాన నోటిఫికేషన్ సెట్టింగులు ఆగిపోనక్కర్లేదు, కాబట్టి అవి వేర్వేరు. డిజైనర్ గీసిన బొమ్మలో ఎన్ని పెట్టెలున్నాయో, ఎన్ని శీర్షికలున్నాయో చూసి దీన్ని తేల్చలేం. డేటాబేస్‌లో ఏవి ఒకే ట్రాన్సాక్షన్‌గా (అన్నీ సేవ్ కావాలి, లేదా ఏదీ కాకూడదు) రాయాలో చూసి తేల్చాలి. ఈ ప్రశ్నకు జవాబు రాకుండా బ్రౌజర్‌లో నడిచే రియాక్టా, సర్వర్‌లో నడిచే జాంగోనా, బ్రౌజర్‌లోనే ఉన్న వెబ్ కాంపొనెంట్లా అని వాదించుకుంటే కాలం వృథా.

ఫారంలో ఫారం ఎందుకు కుదరదు

హెచ్‌టీఎంఎల్ నియమం సూటిగా ఉంది: ఫారం ట్యాగ్ లోపల ఇంకో ఫారం ట్యాగ్ ఉండరాదు. ఉంటే బ్రౌజర్ పేజీ మీద ఎర్రర్ ఏమీ చూపదు, అసలు ఇబ్బంది అదే. లోపలి ఫారం ప్రారంభ ట్యాగ్‌ను పార్సర్ (బ్రౌజర్‌లో ట్యాగులు చదివే భాగం) వదిలేస్తుంది. దాని ముగింపు ట్యాగ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకుని బయటి ఫారాన్ని అక్కడే మూసేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఫీల్డులు, సబ్మిట్ బటన్ మార్కప్ అమరికను బట్టి ఏ ఫారానికీ చెందకుండా మిగిలిపోవచ్చు. ఇంతకంటే విచిత్రం ఇంకోటుంది. ఆ కింద రెండో లోపలి ఫారం వస్తే అది నిజంగానే ఫారంగా తయారవుతుంది, ఎందుకంటే అప్పటికే పార్సర్ దృష్టిలో బయటిది మూతపడింది. ఒకే కాంపొనెంట్‌ను రెండుసార్లు పెడితే మొదటిది పనిచేయకుండా రెండోది మాత్రం పనిచేస్తోందని ఎవరైనా చెబితే మొదట వెతకాల్సిన చోటు ఇదే.

జావాస్క్రిప్ట్‌తో పేజీ కట్టేవాళ్లకు ఇది మరో రూపంలో ఎదురవుతుంది. ట్యాగులను అలా వదిలేసేది పార్సర్ మాత్రమే. స్క్రిప్ట్ ద్వారా ఫారంలో ఇంకో ఫారం చేరిస్తే బ్రౌజర్ అడ్డుకోదు. అందుకే పూర్తిగా బ్రౌజర్‌లోనే రెండర్ అయ్యే రియాక్ట్ పేజీలో అలాంటి అమరిక నెలల తరబడి నడవొచ్చు. కన్సోల్‌లో హెచ్చరిక వస్తూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఎప్పుడో పేజీని సర్వర్ రెండరింగ్‌కు, అంటే హెచ్‌టీఎంఎల్‌ను సర్వరే తయారుచేసి పంపే పద్ధతికి, మారుస్తారు. అప్పుడు అదే మార్కప్ పార్సర్ చేతిలో పడుతుంది, నిర్మాణం మారిపోతుంది, హైడ్రేషన్‌లో, అంటే సర్వర్ పంపిన పేజీని రియాక్ట్ తన చేతిలోకి తీసుకునేటప్పుడు, తేడాలు బయటపడతాయి.

రియాక్ట్‌లో పోర్టల్ (కాంపొనెంట్‌ను పేజీలో వేరేచోట చూపించే ఏర్పాటు) వాడి పాపప్‌ను విడిగా పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండకండి. డామ్‌లో (బ్రౌజర్ కట్టుకునే పేజీ నిర్మాణంలో) పాపప్ దూరంగా ఉన్నా రియాక్ట్ ఈవెంట్లు కాంపొనెంట్ల చెట్టు వెంబడే పైకి వెళ్తాయి. పాపప్‌లోని చిన్న ఫారాన్ని సబ్మిట్ చేస్తే, దాన్ని పెట్టిన బయటి ఫారం సబ్మిట్ హ్యాండ్లర్ (సబ్మిట్ అయినప్పుడు నడిచే కోడ్) కూడా నడుస్తుంది. లోపలి హ్యాండ్లర్‌లో ఈవెంట్ పైకి పోకుండా ఆపడం తప్పనిసరి.

ఇది కొత్త తలనొప్పి కాదు. ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్ అనే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్ 2002లో వచ్చినప్పుడు పేజీకి సర్వర్ ఫారం ఒక్కటే ఉండాలన్న నిబంధనతోనే వచ్చింది. లాగిన్ పెట్టె, సెర్చ్ పెట్టె, అసలు ఫారం అన్నీ ఆ ఒక్క దాంట్లోనే ఇమడాలి. సెర్చ్ బటన్ నొక్కితే లాగిన్ పెట్టె ఖాళీగా ఉందని వాలిడేషన్ (నింపినవి సరిగా ఉన్నాయా అన్న తనిఖీ) అడ్డుపడేది. 2005లో వచ్చిన 2.0 వెర్షన్‌లో వాలిడేషన్ గ్రూప్ అనే ఏర్పాటు చేర్చి దీన్ని సర్దారు: ఏ బటన్ నొక్కితే ఏ ఫీల్డులు తనిఖీ కావాలో గుంపుల పేర్లతో చెప్పడం. ఆ గుంపులు చేసిన పని ఇప్పటికీ మనకు అవసరమే. ఒకే ఫారంలో ఏ ముక్క ఎవరిదో చెప్పే సాధనం లేకపోతే కాంపొనెంట్లు ఒకదాని పనిలో ఒకటి వేలు పెడతాయి.

మొదటి దారి: ఒకే ఫారం, లోపల ఫీల్డుల గుంపులు

ఎక్కువ పేజీలకు సరిపోయేది ఇదే. చిరునామా కాంపొనెంట్ ఒక ఫీల్డ్‌సెట్‌ను (ఫీల్డులను గుంపు చేసే ట్యాగ్), అందులో లెజెండ్‌ను (ఆ గుంపు శీర్షిక), కొన్ని ఇన్‌పుట్లను ఇస్తుంది, అంతే. దాన్ని రెండుసార్లు పెట్టి ఒకదానికి డెలివరీ అని, ఇంకోదానికి బిల్లింగ్ అని ఉపసర్గ (పేర్ల ముందు చేరే మాట, ప్రిఫిక్స్) ఇస్తే పని అయిపోవాలి. ఆ ఉపసర్గ ఎక్కడెక్కడికి చేరాలో పూర్తిగా పట్టించుకుంటేనే అవుతుంది.

మొదట నేమ్ విలువలు, అంటే ఫీల్డులు సర్వర్‌కు వెళ్లే పేర్లు. డెలివరీ ఊరు, బిల్లింగ్ ఊరు ఒకే పేరుతో సర్వర్‌కు వెళ్తే ఒకటి ఇంకోదాన్ని మింగేస్తుంది. ఇది అందరికీ తెలిసిన ప్రమాదమే. తక్కువమందికి తట్టేది రేడియో బటన్ల సంగతి. ఒకే ఫారంలో ఒకే నేమ్ ఉన్న రేడియో బటన్లన్నీ ఒకే గుంపు కింద లెక్క. ఇల్లా, ఆఫీసా అని అడిగే రేడియోలు చిరునామా కాంపొనెంట్‌లో ఉండి, ఉపసర్గ వాటికి చేరకపోతే, బిల్లింగ్‌లో ఆఫీసు ఎంచుకోగానే డెలివరీలో పెట్టిన టిక్కు పోతుంది. వాడుకరి పైకి స్క్రోల్ చేసి చూస్తే తప్ప తెలియదు. కాంపొనెంట్‌ను ఒక్కసారే పెట్టి పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ కనబడదు. అందుకే ఇలాంటి ప్రతి కాంపొనెంట్‌నూ ఒకే పేజీలో రెండుసార్లు పెట్టి పరీక్షించాలని నేను గట్టిగా పట్టుబడతాను.

తర్వాత ఐడీలు. లేబుల్ తన ఇన్‌పుట్‌ను చుట్టి లేకపోతే, అది దేనికి చెందిందో ఐడీ ద్వారానే తెలుస్తుంది. ఒకే ఐడీ రెండుచోట్ల ఉంటే లేబుల్ మొదటిదానికే అంటుకుంటుంది, కింది చిరునామా లేబుల్ మీద నొక్కితే కర్సర్ పైనున్న పెట్టెలోకి గెంతుతుంది. స్క్రీన్ రీడర్ వాడేవారికి రెండో పెట్టె పేరులేనిదిగా మిగులుతుంది. ఎర్రర్ సందేశాన్ని ఫీల్డ్‌తో కలిపే ఏరియా డిస్క్రైబ్డ్‌బై (aria-describedby) ఆట్రిబ్యూట్ కూడా ఐడీ మీదే ఆధారపడుతుంది. ఐడీలను చేత్తో రాయకండి. రియాక్ట్‌లో 2022లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి యూజ్‌ఐడీ అనే హుక్ (ఐడీలను తయారుచేసి ఇచ్చే ఫంక్షన్) ఉంది, వ్యూ (Vue) ఫ్రేమ్‌వర్క్‌లో 3.5 నుంచి అదే పేరుతో ఉంది. సర్వర్ టెంప్లేట్లలో ఉపసర్గనే ఐడీకీ వాడితే చాలు.

మూడోది ఆటోకంప్లీట్ (ఏ సమాచారం నింపాలో బ్రౌజర్‌కు చెప్పే ఆట్రిబ్యూట్), దీన్ని చాలామంది మరిచిపోతారు. చిరునామా రెండుసార్లు ఉన్నప్పుడు ఏది ఏదో బ్రౌజర్‌కు చెప్పే పద్ధతి హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంది. ఆ ఆట్రిబ్యూట్ విలువలో ఫీల్డ్ పేరుకు ముందు షిప్పింగ్ అనో బిల్లింగ్ అనో చేర్చవచ్చు. అంతకంటే ముందు సెక్షన్ అనే మాటకు గీత తగిలించి సొంత పేరూ ఇవ్వవచ్చు. కాంపొనెంట్ ఈ మాటను బయటి నుంచి తీసుకునేలా రాస్తే, బ్రౌజర్ దాచుకున్న చిరునామా సరైన గుంపులో పడుతుంది. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో (వెబ్‌ను వైకల్యమున్నవారికీ అందుబాటులో ఉంచే మార్గదర్శకాలు) ఒక నియమం కూడా చేరింది: ఒకే పనిలో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైప్ చేయించకూడదు, దానంతటదే నింపాలి లేదా ఎంచుకునే వీలు ఇవ్వాలి. బిల్లింగ్ చిరునామా కూడా ఇదేనన్న చెక్‌బాక్స్ ఇప్పుడు కేవలం మర్యాద కోసం పెట్టేది కాదు.

ఆ చెక్‌బాక్స్ పెట్టగానే ఇంకో ప్రశ్న వస్తుంది: దాచిన గుంపు సంగతేమిటి? సీఎస్ఎస్‌తో కనబడకుండా చేసిన ఫీల్డులు కూడా సబ్మిట్‌లో వెళ్తాయి. వాటిలో రిక్వైర్డ్ (తప్పక నింపాలన్న గుర్తు) ఉండి ఖాళీగా ఉంటే బ్రౌజర్ ఫారాన్ని ఆపేస్తుంది. ఎర్రర్ చూపించడానికి ఆ పెట్టె మీద ఫోకస్ పెట్టలేదు కాబట్టి తెరమీద ఏమీ కనబడదు. బటన్ నొక్కుతుంటే ఏమీ జరగట్లేదన్న ఫిర్యాదు మాత్రం వస్తుంది. దాచేటప్పుడు ఆ ఫీల్డ్‌సెట్‌ను డిజేబుల్ కూడా చేయండి. అలా చేస్తే లోపలి ఫీల్డులు తనిఖీకి రావు, సర్వర్‌కూ వెళ్లవు. ఫీల్డ్‌సెట్‌ను అలంకారంగా చూసేవాళ్లు దాని విలువను పోగొట్టుకుంటున్నారు. గుంపు మొత్తాన్ని ఒక్క మాటతో ఆపగలిగే మూలకం హెచ్‌టీఎంఎల్‌లో అదొక్కటే.

చెక్‌బాక్సులతో ఇంకో జాగ్రత్త. టిక్కు లేని చెక్‌బాక్స్ సర్వర్‌కు అసలు వెళ్లదు. ఒక గుంపు కొన్ని పేజీల్లో ఉండి కొన్ని పేజీల్లో లేనప్పుడు, వాడుకరి టిక్కు తీసేశారా, ఆ పేజీలో చెక్‌బాక్సే లేదా అన్నది సర్వర్‌కు తెలియదు. రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ ప్రతి చెక్‌బాక్స్ ముందూ సున్నా విలువతో ఒక హిడెన్ (కనబడని) ఫీల్డ్ పెట్టడం అందుకే. మీ ఫ్రేమ్‌వర్క్ ఆ పని చేయకపోతే కాంపొనెంటే చేయాలి.

సర్వర్ వైపు ఈ దారికి దన్ను బాగానే ఉంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ సింఫనీ ఫారాలు మొదటి నుంచీ ఇలాగే ఆలోచిస్తాయి: ఒక ఫారం టైప్‌లో ఇంకో ఫారం టైప్ ఒక ఫీల్డ్‌గా ఇముడుతుంది, తెరమీదకు వచ్చే ఫారం ట్యాగ్ మాత్రం ఒక్కటే. చిరునామా ఫీల్డులు విడి వస్తువులో (ఆబ్జెక్ట్‌లో) కాకుండా కస్టమర్, కంపెనీ వస్తువుల్లోనే నేరుగా ఉన్నప్పుడు ఇన్హెరిట్ డేటా అనే ఆప్షన్ ఆ గుంపును రెండింటికీ వాడుకోనిస్తుంది. ఈ విషయంలో నాకు బాగా నచ్చినది సింఫనీయే. జాంగోలో ప్రతి ఫారం వస్తువుకూ ప్రిఫిక్స్ ఇవ్వవచ్చు. రెండు మూడు ఫారం వస్తువులను ఒకే ట్యాగ్‌లో పెట్టి, వ్యూలో (అభ్యర్థనను అందుకునే సర్వర్ కోడ్‌లో) అన్నింటినీ తనిఖీ చేసి, అన్నీ సరిగా ఉంటేనే ఒకే ట్రాన్సాక్షన్‌లో సేవ్ చేస్తారు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది: తనిఖీలను ఒకే వరుసలో 'మరియు'తో (and) కలిపి రాస్తే మొదటిది విఫలం కాగానే మిగతావి నడవవు, వాడుకరికి ఎర్రర్లు విడతలు విడతలుగా కనిపిస్తాయి. ముందు అన్నింటినీ తనిఖీ చేసి తర్వాతే ఫలితాలు కలపాలి. రైల్స్‌లో 2009 నాటి 2.3 వెర్షన్ నుంచి నెస్టెడ్ ఆట్రిబ్యూట్స్ (ఒక రికార్డుతో పాటే దానికి జతైన రికార్డులనూ సేవ్ చేసే ఏర్పాటు) ఉన్నాయి, ఫీల్డ్స్‌ఫర్‌తో జతచేస్తే పేర్లన్నీ వాటంతటవే అమరుతాయి. మోడల్‌కే (డేటాబేస్ పట్టికకు ప్రతినిధిగా ఉండే తరగతికే) ఈ బరువు ఎక్కించడం నచ్చనివాళ్లు ఫారం ఆబ్జెక్ట్ అని విడి తరగతి రాసుకుంటారు. రెండు మూడు మోడళ్లు దాటితే నేనూ వారివైపే.

బ్రౌజర్ వైపు రియాక్ట్ హుక్ ఫారం అనే లైబ్రరీలో ఫీల్డ్ పేర్లను చుక్కలతో కలిపి ఇస్తే డేటా దానంతటదే గుంపులుగా సర్దుకుంటుంది. ఫారం స్థితిని పంచే ఫారం ప్రొవైడర్ పేజీలో ఉంటుంది, కాంపొనెంట్ అలా పంచిన కాంటెక్స్ట్ నుంచి తనకు కావాల్సింది తీసుకుంటుంది. మరో బ్రౌజర్ ఫ్రేమ్‌వర్క్ యాంగ్యులర్‌లో ఫారం గ్రూప్ లోపల ఫారం గ్రూప్ సహజంగా ఒదుగుతుంది, 2022లో వచ్చిన 14వ వెర్షన్ నుంచి వాటికి టైపులు (ఏ ఫీల్డ్‌లో ఏ రకం విలువో చెప్పేవి) కూడా ఉన్నాయి. అక్కడ కంట్రోల్ వాల్యూ యాక్సెసర్ (కాంపొనెంట్‌ను ఫారంలో ఒకే ఫీల్డ్‌లా చూపించే కోడ్) రాయాలా, లోపలి గ్రూపును పేజీయే తయారుచేసి కాంపొనెంట్‌కు అందించాలా అని తరచూ అడుగుతుంటారు. కాంపొనెంట్ బయటికి ఒకే విలువగా కనిపించాలంటే, ఉదాహరణకు తేదీల పరిధిలాంటిదైతే, మొదటిది. చిరునామాలాగా పది ఫీల్డుల గుంపు అయితే రెండోది. పది ఫీల్డుల ఎర్రర్లనూ, తాకారా లేదా అన్న స్థితినీ యాక్సెసర్ గుండా బయటికి చేరవేయడం అనవసర శ్రమ.

రెండో దారి: పక్కపక్కనే విడి ఫారాలు

సెట్టింగుల పేజీ దీనికి సరైన ఇల్లు. ప్రొఫైల్, పాస్‌వర్డ్, నోటిఫికేషన్లు: ఒక్కోదానికి తన సేవ్ బటన్, తన ఫారం ట్యాగ్, డేటా పంపే తన యూఆర్ఎల్. ఇక్కడ కాంపొనెంట్‌లోనే ఫారం ట్యాగ్ ఉండటం సబబే, ఎందుకంటే ఈ ముక్క ఎక్కడ పెట్టినా ఒకేచోటికి సేవ్ అవుతుంది. నేను చెప్పిన మినహాయింపుల్లో ముఖ్యమైనది ఇదే. పాస్‌వర్డ్ ఫారాన్ని విడిగా ఉంచడానికి ఇంకో కారణమూ ఉంది. ఆటోకంప్లీట్‌లో ప్రస్తుత పాస్‌వర్డ్, కొత్త పాస్‌వర్డ్ అని గుర్తుపెట్టి, వాటిని తమకంటూ ఉన్న ఫారంలో ఉంచితే పాస్‌వర్డ్ మేనేజర్లు తికమకపడవు.

ఈ దారికి రెండు బలహీనతలున్నాయి. ఒకటి, వాడుకరి మూడు పెట్టెల్లోనూ మార్పులు చేసి మధ్యలో ఉన్న సేవ్ నొక్కుతారు. పేజీ మళ్లీ లోడ్ అయితే మిగతా రెండింటిలో కొట్టిందంతా పోతుంది. టర్బో ఫ్రేములు, హెచ్‌టీఎంఎక్స్ లాంటి చిన్న లైబ్రరీలు ఆ ముక్కను మాత్రమే మార్చి ఈ నష్టాన్ని ఆపుతాయి. సర్వర్ టెంప్లేట్లతో పనిచేసేవాళ్లు ఒక్క సెట్టింగుల పేజీ కోసం పెద్ద జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ తెచ్చుకోనక్కర్లేదు. టర్బో వాడితే తనిఖీలో తప్పిన ఫారాన్ని 422 స్టేటస్‌తో (డేటా సరిగా లేదని చెప్పే హెచ్‌టీటీపీ సంకేతం) తిప్పి పంపాలి. ఫ్రేములో లేని ఫారాన్ని 200తో (అంతా సవ్యమన్న సంకేతం) పంపితే ఎర్రర్లు తెరమీదకు రావు.

రెండోది, ఎర్రర్లు ఒకరివి ఇంకొకరి దగ్గర తేలడం. రెండు ఫారాల్లోనూ ఈమెయిల్ అనే ఫీల్డ్ ఉంటే ఒకదాని ఎర్రర్ రెండింటి కిందా కనిపిస్తుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్ దీనికి పేరున్న ఎర్రర్ బ్యాగులు (ఫారానికో ఎర్రర్ల సంచి) ఇస్తుంది. జాంగోలో ప్రిఫిక్స్‌తో పాటు సబ్మిట్ బటన్‌కు ఒక నేమ్ పెట్టి, ఏ బటన్ నొక్కారో చూసి ఆ ఒక్క ఫారానికే డేటా కట్టాలి. డాట్ నెట్ 8లో బ్లేజర్ అనే ఫ్రేమ్‌వర్క్ సర్వర్ రెండరింగ్ అయితే ప్రతి ఫారానికీ వేరు పేరు ఇవ్వమని నియమమే పెట్టింది, మంచి పని చేసింది.

మూడు ఫారాలకు కలిపి చివర ఒకే సేవ్ బటన్ పెట్టి, దాన్ని నొక్కినప్పుడు జావాస్క్రిప్ట్‌తో మూడింటినీ వరుసగా పంపుదామని కొందరు ప్రతిపాదిస్తారు. దీన్ని నేను ఎక్కడా సిఫారసు చేయను. మొదటిది సేవ్ అయి రెండోది విఫలమైతే వాడుకరికి ఏం చెబుతారు? సగం సేవ్ అయిందనా? ఒకే బటన్ కావాలనిపించిందంటే అవి నిజానికి ఒకే ఫారం. మొదటి దారికి వెళ్లండి.

మూడో దారి: కూపన్ కోడ్ సమస్య

ఇప్పుడు అసలు ముడి. ఆర్డర్ ఫారం మధ్యలో కూపన్ పెట్టె ఉంది, పక్కనే వర్తింపజేయండి అనే బటన్. తెరమీద అది ఆర్డర్ ఫారం లోపల ఉంది, పనిలో మాత్రం వేరు. ఫారంలో ఫారం పెట్టాలన్న కోరిక ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. హెచ్‌టీఎంఎల్ దీనికి రెండు సక్రమమైన మార్గాలు ఇచ్చింది. పైకి ఒకలాగే ఉన్నా వాటి స్వభావం వేరు.

మొదటి మార్గం ఆ బటన్‌కు ఫామ్‌యాక్షన్ అనే ఆట్రిబ్యూట్ ఇవ్వడం. ఫారం ఒక్కటే. ఈ బటన్ నొక్కితే మాత్రం డేటా మొత్తం వేరే యూఆర్ఎల్‌కు వెళ్తుంది. ఫామ్‌నోవాలిడేట్ కూడా చేరిస్తే మిగతా పెట్టెలు ఖాళీగా ఉన్నా బ్రౌజర్ అడ్డుకోదు. అప్పటివరకు కొట్టినదంతా సర్వర్‌కు అందుతుంది కాబట్టి, తగ్గింపు లెక్క వేసి, అవే విలువలు నింపి పేజీని తిరిగి ఇవ్వవచ్చు. జావాస్క్రిప్ట్ లేకుండానే ఏదీ పోదు.

రెండో మార్గం, పేజీలో ఆర్డర్ ఫారానికి బయట ఒక ఖాళీ ఫారం ట్యాగ్ పెట్టి దానికి ఐడీ ఇవ్వడం. కూపన్ పెట్టెకూ బటన్‌కూ ఫామ్ అనే ఆట్రిబ్యూట్‌లో ఆ ఐడీ రాస్తే, అవి డామ్‌లో ఎక్కడ కూర్చున్నా ఆ ఖాళీ ఫారానికే చెందుతాయి. కూపన్ కోడ్ ఒక్కటే వెళ్తుంది, చిరునామాలు వెళ్లవు. అయితే పేజీ మళ్లీ లోడ్ అయితే చిరునామాలో కొట్టింది పోతుంది, కాబట్టి దీన్ని ఫెచ్‌తోనో (పేజీ మార్చకుండా డేటా పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్), ముక్క మాత్రమే మార్చే సాధనంతోనో వాడాలి.

ఎంటర్ కీ దగ్గర తేడా తేటతెల్లమవుతుంది. పెట్టెలో ఎంటర్ కొడితే బ్రౌజర్ ఆ ఫారానికి చెందిన సబ్మిట్ బటన్లలో డామ్ వరుసలో మొదటిదాన్ని నొక్కినట్టు భావిస్తుంది. ఫామ్‌యాక్షన్ మార్గంలో కూపన్ బటన్ ఆర్డర్ బటన్ కంటే ముందుంటే, వాడుకరి పేరు పెట్టెలో ఎంటర్ కొట్టినా కూపన్ వర్తింపు నడుస్తుంది. రెండో మార్గంలో ఈ గొడవే లేదు: కూపన్ పెట్టెలో ఎంటర్ కూపన్‌కే, మిగతాచోట్ల ఎంటర్ ఆర్డర్‌కే.

నా తీర్పు: పేజీలో జావాస్క్రిప్ట్ ఎలాగూ ఉంటే రెండో మార్గం, లేకపోతే మొదటిది. మొదటిది ఎంచుకుంటే అసలు ఆర్డర్ బటన్ డామ్‌లో ముందు ఉండేలా చూసుకోండి. పట్టికలో వరుసకో ఫారం కావాల్సినప్పుడు కూడా ఫామ్ ఆట్రిబ్యూటే దిక్కు. వరుస ట్యాగ్‌కూ గడి ట్యాగ్‌కూ మధ్య ఫారం ట్యాగ్‌ను హెచ్‌టీఎంఎల్ ఒప్పుకోదు. సెట్టింగుల పేజీలో ఖాతా తొలగించే బటన్‌కూ ఇదే సరిపోతుంది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. బటన్ ట్యాగ్‌కు టైప్ రాయకపోతే అది సబ్మిట్ బటనే. పాస్‌వర్డ్ చూపించు, ఇంకో వరుస చేర్చు లాంటి బటన్లు కాంపొనెంట్లలో ఎక్కువ. విడిగా పరీక్షిస్తే బాగానే ఉంటాయి, ఎవరో ఫారంలో పెట్టగానే ఫారాన్ని పంపేస్తాయి. కాంపొనెంట్‌లోని ప్రతి బటన్‌కూ టైప్ రాయడం నియమంగా పెట్టుకోండి.

ఎన్నని తెలియని వరుసలు, విడతల ఫారాలు

సరుకుల జాబితాలో వరుసలు ఎన్ని వస్తాయో ముందే తెలియదు. జాంగోలో ఫారంసెట్ ఇందుకే ఉంది. తనతో పాటు ఒక మేనేజ్‌మెంట్ ఫారాన్ని పంపి, మొత్తం ఎన్ని ఫారాలు, మొదట ఎన్ని ఉన్నాయి అని లెక్క చెబుతుంది. టెంప్లేట్‌ను చేత్తో రాసుకునేవాళ్లు ఆ హిడెన్ ఫీల్డులను వదిలేస్తే ఏదీ సేవ్ కాదు. జావాస్క్రిప్ట్‌తో వరుస చేర్చేటప్పుడు ఖాళీ ఫారంలోని ప్రిఫిక్స్ గుర్తును కొత్త సంఖ్యతో మార్చి, మొత్తాన్నీ ఒకటి పెంచాలి. యాంగ్యులర్‌లో ఫారం అర్రే, రియాక్ట్ హుక్ ఫారంలో ఫీల్డ్ అర్రే ఇదే పని చేస్తాయి. రియాక్ట్ హుక్ ఫారంలో వరుసను గుర్తించడానికి సంఖ్యకు బదులు అది ఇచ్చే ఐడీనే కీగా వాడాలి, లేకపోతే మధ్య వరుస తీసేసినప్పుడు విలువలు పక్క పెట్టెల్లోకి జరుగుతాయి.

విడతలుగా అడిగే ఫారాల్లో ఎంపిక ఒక్కటే: ఒక్కో విడతనూ సర్వర్‌కు పంపి దాచడమా, అన్నీ బ్రౌజర్‌లో ఉంచి చివర్లో పంపడమా. ఫారం పెద్దదైతే, వాడుకరి మధ్యలో లేచి వెళ్లే అవకాశం ఉంటే, మొదటిదే మేలు. అప్పుడు ప్రతి విడతా తనంతట తాను ఒక ఫారం, దాచిన రిక్వైర్డ్ ఫీల్డుల బెడద ఉండదు. రెండోదైతే ఆ బెడదకు ఫీల్డ్‌సెట్ డిజేబుల్ ఒక్కటే చాలదు, ఎందుకంటే చివరి సబ్మిట్‌లో పాత విడతల డేటా కూడా వెళ్లాలి. ప్రతి విడత దాటేటప్పుడు దాని ఫీల్డులను మాత్రమే తనిఖీ చేసి, చివరన అన్నింటినీ మళ్లీ ఎనేబుల్ చేసి పంపాల్సి వస్తుంది.

వెబ్ కాంపొనెంట్లు ఎవరికి

సంస్థలో ఒక జట్టు రియాక్ట్, ఇంకో జట్టు యాంగ్యులర్, మరో జట్టు పాత సర్వర్ టెంప్లేట్లు వాడుతూ, అందరికీ ఒకే చిరునామా పెట్టె కావాలంటే కస్టమ్ ఎలిమెంట్లను (వెబ్ కాంపొనెంట్లకు పునాది అయిన సొంత ట్యాగులను) గట్టిగా పరిశీలించాలి. ఒకప్పుడు వీటికి పెద్ద లోటు ఉండేది: షాడో డామ్ (పేజీ నుంచి వేరుచేసిన సొంత నిర్మాణం) లోపలి ఇన్‌పుట్లు బయటి ఫారానికి కనబడవు, సబ్మిట్‌లో వెళ్లవు. ఎలిమెంట్ ఇంటర్నల్స్ అనే బ్రౌజర్ సదుపాయం ఆ లోటు తీర్చింది. కస్టమ్ ఎలిమెంట్ తాను ఫారానికి చెందినదాన్నని ప్రకటించుకుని, తన విలువను, తప్పొప్పుల స్థితిని ఫారానికి నేరుగా చెప్పగలదు. ఒక్క విలువకు బదులు ఫామ్‌డేటా వస్తువునే ఇచ్చి పది ఫీల్డులను ఒకేసారి పంపగలదు. క్రోమ్‌లో 2019లో, ఫైర్‌ఫాక్స్‌లో 2022లో, సఫారీలో 2023లో 16.4తో ఇది వచ్చింది, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా వాడవచ్చు.

అయినా ఒక్క ఫ్రేమ్‌వర్క్‌తోనే పనిచేసే జట్టుకు నేను వీటిని సూచించను. షాడో డామ్ గోడ దాటి ఐడీలు పనిచేయవు, కాబట్టి బయటి లేబుల్‌ను లోపలి ఇన్‌పుట్‌కు కలపలేం. ఎర్రర్ సందేశాలకూ అదే ఇబ్బంది. మామూలు హెచ్‌టీఎంఎల్‌లో ఉచితంగా వచ్చే సౌకర్యాలను మళ్లీ చేత్తో కట్టుకోవాల్సి వస్తుంది. షాడో డామ్ లేకుండా, మామూలు ఇన్‌పుట్ల చుట్టూ పలచగా చుట్టిన కస్టమ్ ఎలిమెంట్ చాలాసార్లు సరిపోతుంది. అప్పుడు లోపలి ఇన్‌పుట్లు నేరుగా పేజీ ఫారానికే చెందుతాయి.

జేసన్ స్కీమా (ఫీల్డుల వివరణ రాసిన డేటా) నుంచి ఫారాలు తయారుచేసే పద్ధతి వందల కొద్దీ అడ్మిన్ ఫారాలున్నచోట, ఫీల్డులను ప్రోగ్రామర్లు కానివాళ్లు మార్చాల్సినచోట బాగుంటుంది. జనం రోజూ వాడే ఆర్డర్ పేజీకి వద్దు. రెండో వారంలోనే స్కీమాలో లేని ప్రత్యేక అమరికలు అడుగుతారు. ఐఫ్రేమ్‌ను (పేజీలో ఇంకో పేజీని చూపే పెట్టె) చెల్లింపు కార్డు వివరాలలాంటి వాటికే ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ మీ పేజీ ఆ అంకెలను చూడకపోవడమే కావాల్సింది.

ఇప్పటికే ఉన్న పేజీని మార్చేవాళ్లకు

మొత్తం ఒకేసారి తిరగరాయకండి. ఎక్కువచోట్ల కాపీ అయిన ఒక్క గుంపును ఎంచుకోండి, అది చాలావరకు చిరునామానే అవుతుంది. దాని నుంచి ఫారం ట్యాగ్‌ను, సబ్మిట్ బటన్‌ను, సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ను (వేరే సైటు నుంచి దొంగ సబ్మిట్లను ఆపే గుర్తు) బయటికి తీసి పేజీకి అప్పగించండి. మిగిలిన ఫీల్డులను ఫీల్డ్‌సెట్‌లో పెట్టి ఉపసర్గ, లెజెండ్, ఆటోకంప్లీట్ మాట, ప్రస్తుత విలువలు, ఎర్రర్లు బయటి నుంచి వచ్చేలా చేయండి. ఈ ఐదూ కాకుండా ఆరోది అడగాల్సి వస్తే, ముఖ్యంగా అది ఏ పేజీలో ఉన్నామన్న సమాచారమైతే, గుంపును తప్పు చోట కోశారని అర్థం.

అక్కడి నుంచి దాన్ని ఒక పరీక్ష పేజీలో రెండుసార్లు పెట్టి, కీబోర్డుతో మాత్రమే నింపండి. ప్రతి పెట్టెలో ఎంటర్ కొట్టి ఏది వెళ్తుందో చూడండి. రెండో గుంపు లేబుళ్ల మీద నొక్కండి. ఒకదాన్ని డిజేబుల్ చేసి పంపి, సర్వర్‌కు ఏం చేరిందో నెట్‌వర్క్ ట్యాబ్‌లో చదవండి. అవన్నీ సరిగా వచ్చాకే రెండో పేజీలోని పాత కాపీని తీసేసి దీన్ని పెట్టండి.